తొలగించిన సభ్యుడి పేరు గోప్యం

నాగంపేట విశ్రాంత ఉపాధ్యాయ సంఘం నోటీసు బోర్డుకి అద్దం ఉంది, అద్దానికి తాళం ఉంది, ఆ తాళంచెవి కార్యదర్శి మంథా నరసింగరావు గారి మొలతాడుకి ఉంది. కాబట్టి అందులో ఒక కాగితం కనపడిందంటే అది ఎవరో ఊసుపోక అంటించిన కాగితం కాదు. ఆయన పంచె సవరించుకుని, నడుం వంచి, తాళం తీసి, స్వహస్తాలతో నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చిన కాగితం.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి, క్యారమ్స్ పౌడరు డబ్బా జేబులో వేసుకుని ఎప్పటిలాగే వచ్చిన లక్ష్మునాయుడు ఆ అద్దం ముందు ఆగాడు.

"తీర్మానము నంబరు 41. సంఘ సభ్యులలో ఒకరిని సభ్యత్వము నుండి తొలగించడమైనది. తొలగించబడిన వారి పేరు, తొలగింపునకు గల కారణము గోప్యము. తొలగించబడిన వారు ఇకపై సంఘ ఆవరణలోనికి రారాదు. మిగిలినవారు యథావిధిగా రావచ్చును. సభ్యులందరూ గమనించి తదనుగుణముగా నడుచుకొనగలరు."

లక్ష్మునాయుడు మూడుసార్లు చదివాడు. మొదటిసారి ఎవరో పాపం అనుకున్నాడు. రెండోసారి ఎవరై ఉంటారబ్బా అనుకున్నాడు. మూడోసారికి అనుమానం తన మీదికే తిరిగింది. తనే అయి ఉండాలి. తను కాక ఇంకెవరు?

ఎందుకంటే రెండు నెలల కిందట జరిగిన సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి నోరు జారినవాడు ఆయనొక్కడే. "మన మినిట్సు పుస్తకం మనకి చూపించడానికేటండీ అభ్యంతరం?" అని అడిగాడు. అడిగింది ఏ హెడ్మాస్టారో అయితే చర్చ అనేవారు. అడిగింది డ్రిల్లు మాస్టారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈల ఊది, పిల్లల్ని వరసలో నిలబెట్టి రిటైరైన మనిషి. లెక్కలు చెప్పినవాళ్లూ, ఇంగ్లీషు చెప్పినవాళ్లూ, ఏమీ చెప్పకుండానే హెడ్మాస్టర్లైనవాళ్లూ నిండిన ఆ సభలో డ్రిల్లు మాస్టారు ప్రశ్న అడగడమే ఒక క్రమశిక్షణా రాహిత్యం.

లక్ష్మునాయుడికి ఆ సంఘం తప్ప మరో దిక్కు లేదు. భార్య పోయి అయిదేళ్లయింది. పోయిన కొత్తలో ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అప్పుడు సైన్సు మాస్టారు తాలాడ సత్యం గారు ఇంటికొచ్చి, "లే నాయుడూ, రా" అని జబ్బ పట్టుకుని తీసుకొచ్చి, సంఘం హాల్లో క్యారమ్స్ బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆ బల్ల లక్ష్మునాయుడి ఇంట్లోదే. వెనకాలే రిక్షాలో అది కూడా వచ్చింది. అలా కూర్చున్న మనిషి మళ్లీ మనిషయ్యాడు. సంఘం పెట్టినవాళ్లలో సత్యం మాస్టారు ఒకరు. పెళ్లీ పిల్లలూ లేరు, ఉత్తరాలు కూడా సంఘం చిరునామాకే తెప్పించుకునేవారు. మూడేళ్ల కిందట ఆయనా పోయారు. ఇప్పుడు క్యారమ్స్ బల్ల పైన, గోడకి, దండ వేసిన పటంలో ఉన్నారు. ఆ పటం ఎంత సరిచేసినా ముందుకి వాలిపోతుంటుంది. లక్ష్మునాయుడు రాగానే చేసే మొదటి పని పటం తుడవడం, రెండోది దాన్ని సరిచేయడం. ఆ తరవాత హిందీ చెప్పి రిటైరైన పైల అన్నపూర్ణ టీచరుతో ఆట. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఆ రెండు గంటలే ఆయనకి రోజు. మిగతా ఇరవై రెండూ దాని కోసం కాచుకుని ఉండడం.

ఆ రోజు ఆయన పటం తుడవలేదు. తీసేసిన మనిషి తుడవొచ్చో లేదో తెలియలేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, పట్టణంలో జరిగిన ఒక రెండు రోజుల సదస్సులో. 'సంస్థలు, సుపరిపాలన' అని ఎవరో పెట్టారు. సంఘం అధ్యక్షులు, విశ్రాంత జిల్లా విద్యాధికారి జగన్నాథరాజు గారూ, కార్యదర్శి నరసింగరావు గారూ వెళ్లారు. మొదటి రోజు ఎవరో 'పారదర్శకత' మీద మాట్లాడారు. ఇద్దరూ తలలూపారు. రెండో రోజు మరెవరో 'గోప్యత' మీద మాట్లాడారు. దానికీ తలలూపారు. రెండు రోజులూ భోజనం బాగుండడంతో రెండు సిద్ధాంతాలూ బాగున్నాయని తిరిగొచ్చారు. వచ్చీ రాగానే బోర్డు మీటింగు పెట్టి, సంఘంలో నూటికి నూరు శాతం పారదర్శకత, నూటికి నూరు శాతం గోప్యత ఒకేసారి అమలు చేస్తున్నట్టు ప్రకటించారు.

"ఇందులో వైరుధ్యమేమీ లేదు," అన్నారు నరసింగరావు గారు, అద్దాలు తుడుచుకుంటూ. "నిర్ణయము జరిగినదన్న విషయము పారదర్శకము. ఏ నిర్ణయము జరిగినదన్నది గోప్యము."

సభ్యులు చప్పట్లు కొట్టారు. అర్థమైందని కాదు, పాతికేళ్లు మీటింగులకి వెళ్లిన చేతులు అవి.

ఇక అమలు సంగతి. నరసింగరావు గారు సర్వీసులో ఉన్నంతకాలం పదో తరగతి పరీక్షలకి చీఫ్ సూపరింటెండెంటు. ఆయనకి గోప్యత అంటే ప్రశ్నపత్రాల కట్ట. ఆయన సెంటర్లో ఒక్క పేపరూ బయటికి పొక్కిన పాపాన పోలేదు. ఒకసారైతే మరీ గట్టిగా దాచి, పరీక్ష పూర్తయ్యాక గాని కట్ట దొరకలేదని అంటారు. ఆ అనుభవమంతా ఇప్పుడు సంఘం మీద కుమ్మరించారు. బోర్డు తీర్మానాలు కవర్లో పెట్టి, ఆ కవరు మరో కవర్లో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, ముగ్గురి సంతకాలు తీసుకుని, ట్రంకుపెట్టెలో పెట్టి, పోలీస్ స్టేషన్లో భద్రపరచడం మొదలెట్టారు. స్టేషన్ ఎస్సైగారు ఆయన పాత శిష్యుడు. గురువుగారి మాట కాదనలేక లాకప్పు పక్కన పెట్టె పెట్టించాడు.

*

మర్నాడు లక్ష్మునాయుడు ఉతికిన చొక్కా వేసుకుని కార్యదర్శి గారి గది గుమ్మం ముందు నిలబడ్డాడు. గుమ్మం దాటలేదు. అడుగు లోపల పెడితే రారాదన్న నిబంధన తగులుతుందేమోనని భయం.

"అయ్యా, ఒక చిన్న సందేహం. నేను సభ్యుణ్ణేనాండి?"

నరసింగరావు గారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "అడుగుతున్నది ఎవరు?"

"నేనేనండి. లక్ష్మునాయుణ్ణి. డ్రిల్లు."

"పేరు అడగలేదు. హోదా అడిగాను. బోర్డు నిర్ణయాలకు సంబంధించిన సమాచారం సభ్యులకు మాత్రమే ఇవ్వవలెను. తమరు సభ్యులైనట్టు రుజువు చూపండి, చెబుతాను."

"అది తెలీకే కదండీ నేనొచ్చింది."

"తెలియనివారికి చెప్పుటకు నిబంధన లేదు."

లక్ష్మునాయుడు జేబులోంచి సభ్యత్వ కార్డు తీసి చూపించాడు. నరసింగరావు గారు దూరం నుంచే చూసి తల అడ్డంగా ఊపారు. "ఇది ఇచ్చిన రోజున తమరు సభ్యులని మాత్రమే దీని తాత్పర్యం. ఇవాళ్టి సంగతి ఇందులో లేదు."

"పోనీ, రిజిస్టర్లో నా పేరుందో లేదో ఒక్కసారి చూసుకుంటాను."

"పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు పక్కపక్కన పెడితే ఏ పేరు పోయిందో పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. అది లీకేజీ అవుతుంది నాయుడు గారూ. నా సర్వీసులో లీకేజీ లేదు. కాబట్టి రిజిస్టరు కూడా గోప్యం. సభ్యులు ఎంతమంది అన్నదీ గోప్యం."

"మరి తీసీసినాయనకి తనని తీసీసినట్టు ఎలాగ తెలుస్తాదండి?"

నరసింగరావు గారు మొదటిసారి కాస్త జాలిగా చూశారు. "ఆయన ఇప్పుడు సభ్యుడు కాదు కదా. సభ్యుడు కానివారికి సంఘ సమాచారం ఎట్లా ఇస్తాం?"

లక్ష్మునాయుడు దండం పెట్టి వెనక్కి తిరిగాడు. వరండాలో స్టవ్వు ముందు కూర్చున్న అప్పన్న, సంఘం అటెండరు, టీ గ్లాసు అందించబోయాడు. స్కూల్లో ముప్ఫై ఏళ్లు గంట కొట్టి, రిటైరయ్యాక ఇక్కడ టీ కాస్తున్నవాడు. లక్ష్మునాయుడు చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"తాగీయండి మాస్టారూ," అన్నాడు అప్పన్న.

"వద్దురా. ఎవరి టీయో ఏటో."

అప్పన్న ఏదో చెప్పబోయి, కార్యదర్శి గారి గది వైపు చూసి, నోరు మూసుకున్నాడు.

*

వారం తిరిగేసరికి సంఘం స్వరూపం మారిపోయింది. మొన్నటి దాకా కుర్చీల కోసం తోసుకున్న మనుషులు ఇప్పుడు నిలబడి పేపరు చదువుతున్నారు. చదువుతున్నది కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న పేపరే. ఎవరి మొహాన ఎవరూ సూటిగా చూడడం లేదు. ఎవరైనా రెండు రోజులు రాకపోతే "ఓహో, ఆయనేనన్నమాట" అని మిగతావాళ్లు ఊపిరి పీల్చుకునేవారు. మూడో రోజు ఆయన జ్వరం తగ్గి వస్తే అందరి మొహాలూ వాడిపోయేవి. పక్కవాడి జ్వరం తగ్గినందుకు బాధపడిన పెద్దమనుషుల్ని నాగంపేటలోనే చూడాలి.

అన్నపూర్ణ టీచరు మాత్రం వచ్చి బల్ల ముందు కూర్చుని, బిళ్లలు పేర్చి, "మొదలెట్టండి నాయుడు మాస్టారూ" అంది.

"నేను ఆడకూడదేమో టీచరుగారూ."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అదే కదా గొడవ."

"మిమ్మల్నే తీసీసారనుకోండి. మీరు ఆడితే ఏటవుతాది? మళ్లీ తీసీలేరు కదా. మిమ్మల్ని కాదనుకోండి, ఆడకపోతే మీకే నష్టం. కొట్టండి."

ఆయన కొట్టాడు. స్ట్రైకరే కన్నంలో పడింది.

ఇంతలో బోర్డుకి ఇంకో ధర్మం గుర్తొచ్చింది. సంఘం వదిలి వెళ్లేవారికి వీడ్కోలు సభ పెట్టి సన్మానం చేయడం అక్కడి ఆనవాయితీ. బదిలీ అయినా, రిటైరైనా, కొడుకు దగ్గరికి వెళ్లిపోయినా, మాస్టార్ల లోకంలో శాలువా కప్పకుండా ఎవరినీ పంపరు. తీసేసినంత మాత్రాన మర్యాద తప్పుతుందా? ఆదివారం ఉదయం పదింటికి 'తొలగించబడిన సభ్యుల వారికి వీడ్కోలు సభ' అని నోటీసు పడింది.

హాలు కిటకిటలాడింది. తీసేసిన మనిషి ఆవరణలోకి రాకూడదు కాబట్టి, వచ్చినవాడు తీసేసినవాడు కాదని లోకానికి తెలుస్తుంది. ఈ లెక్క అందరికీ ఒకేసారి తట్టింది. పక్షవాతం వచ్చి మంచాన ఉన్న ఒక సోషల్ మాస్టారిని మనవలు కుర్చీతో సహా మోసుకొచ్చారు. లక్ష్మునాయుడు కూడా వెళ్లి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అందరూ కూర్చున్నాక నరసింగరావు గారు మైకు అందుకుని, "నేటి సభకు హాజరగుట సభ్యత్వమునకు రుజువుగా పరిగణింపబడదు" అని ప్రకటించారు. హాజరు సంతకానికి పెన్నులు తీసినవాళ్లు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నారు.

మైకు తీగ అందే చోటు క్యారమ్స్ బల్ల దగ్గరే కావడంతో, సన్మాన కుర్చీని అక్కడే, గోడ పక్కన వేశారు. ఖాళీ కుర్చీకి జగన్నాథరాజు గారు శాలువా కప్పారు. సీటు మీద నిమ్మకాయ పెట్టారు. పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి అచ్చు వేయించిన సన్మానపత్రాన్ని ఒక తెలుగు పండితుడు గంభీరంగా చదివాడు. చుక్కలు వచ్చినప్పుడల్లా గొంతు సవరించుకున్నాడు. "తమరి వియోగము ఈ సంఘమునకు తీరని లోటు" అన్న చోట నలుగురు కళ్లు తుడుచుకున్నారు, ఎవరి కోసం వాళ్లే.

సభ అయిపోయాక అప్పన్న కుర్చీ మీద శాలువా తీసి, దులిపి, గోడ మీది సత్యం మాస్టారి పటానికి కప్పాడు.

"అక్కడెందుకు?" అన్నారు కార్యదర్శి గారు.

"కుర్చీలు లోపల పెట్టీయాలి కదండీ. మరెక్కడెయ్యమంటారు?" అన్నాడు అప్పన్న.

*

ఆ సాయంత్రమే జగన్నాథరాజు గారు లక్ష్మునాయుణ్ణి గదిలోకి పిలిచారు. అధ్యక్షుల గదిలో అడుగుపెట్టడం ఆయనకి అదే మొదలు. రాజుగారు తన కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద చేతులు వేసి ఉన్నారు.

"నాయుడూ, తలుపు దగ్గరకి వెయ్యి. ఊళ్లో ఏటనుకుంటున్నారు? ఎవరిని తీసీసారంటున్నారు?"

లక్ష్మునాయుడు బిత్తరపోయాడు. "తీసింది మీరు కదండీ. నన్నడుగుతారేటి?"

రాజుగారు గొంతు తగ్గించారు. "తీసింది మేమే. తీసింది ఎవరినో మాకూ తెలీదు."

అప్పుడు బయటపడింది అసలు పద్ధతి. పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు పైన పేరున్న ముక్క చింపేసి నంబరు వేస్తారు. దిద్దేవాడికి ఎవరి పేపరో తెలియకూడదు. నరసింగరావు గారు సభ్యుల మీద వచ్చిన అభియోగాలకీ అదే పద్ధతి పెట్టారు. బోర్డు ముందుకి ఏడో నంబరు వచ్చింది. ఏడో నంబరు తప్పు చేసినట్టు రుజువైంది. ఏడో నంబరుని ఏకగ్రీవంగా తొలగించారు. ఏడో నంబరు ఎవరన్నది చింపిన ముక్క మీద ఉంది, ఆ ముక్క కవర్లో ఉంది, కవరు పెట్టెలో, పెట్టె పోలీస్ స్టేషన్లో.

"పోనీ తప్పేటో గుర్తుంటాది కదండీ."

"అవేళ పన్నెండు నంబర్ల మీద పన్నెండు కాగితాలు చదివారోయ్. ఏది ఎవరిదో ఎవడికి గుర్తు? ఏడుకి చేతులెత్తమన్నారు, ఎత్తీసాం." రాజుగారి మొహం చెమటపట్టింది. "నరసింగరావుని అడిగాను, నేను కాదు కదయ్యా అని. తెలీదండి, తెలిస్తే విధానంలో లోపమున్నట్టు అన్నాడు. నన్ను నేనే తీసీసుకున్నానేమో నాయుడూ."

"మరి ఆ పెట్టె తెరిపించీయండి."

"తెరవాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానించాలి. అందులో సభ్యుడు కానివాడు ఒక్కడు చెయ్యెత్తినా తీర్మానం చెల్లదు. ఆ ఒక్కడూ ఎవడో తెలియాలంటే పెట్టె తెరవాలి."

ఇద్దరూ ఆ ఖాళీ కుర్చీకేసి చూశారు. జిల్లాలో వందల మందిని బదిలీలు చేసిన చేతులు దాని వీపుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. తీసేసినవాళ్లకే ఎవరిని తీశారో తెలియదని విని లక్ష్మునాయుడికి నవ్వు రావాలి గాని, రాలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లు కూర్చుని, ఎవరి పీక కోస్తున్నదీ చూసుకోకుండా కత్తి వేశారు కదా అని ఒళ్లు మండింది.

*

ఆ తరవాత రాజీనామాలు మొదలయ్యాయి. సన్మానపత్రం చదివిన తెలుగు పండితుడే మొదట ఇచ్చాడు. "తీసేశారనిపించుకోవడం కంటే మానేశాననిపించుకోవడం గౌరవం" అన్నాడు. ఆ మాట సంఘమంతా పాకింది. ముందు రాజీనామా ఇచ్చేస్తే, తరవాత కవరు తెరిచినా పరువు దక్కుతుంది. పోటీలు పడి ఇచ్చారు. ప్రతి రాజీనామానీ నరసింగరావు గారు కవర్లో పెట్టి సీలు వేశారు. బజార్లో లక్క దొరకని పరిస్థితి వచ్చింది. జగన్నాథరాజు గారు ఇచ్చారు. బోర్డంతా ఇచ్చింది. అందరివీ తీసుకున్నాక, నరసింగరావు గారు తన రాజీనామా తనే రాసి, తనకే ఇచ్చుకుని, 'ముట్టినది' అని ముద్ర కొట్టి, కింద సంతకం పెట్టి, నోటీసు బోర్డు తాళంచెవి బల్ల మీద ఉంచి వెళ్లిపోయారు.

అన్నపూర్ణ టీచరు కూడా ఇచ్చేసింది. "నాకు బీపీ ఉంది మాస్టారూ. రోజూ ఈ దిగులు నాకు పడదు" అంది. ఇప్పుడామె లోపలికి రాకూడదు. అందుకని సాయంత్రం నాలుగున్నరకి వచ్చి గేటు బయట నిలబడేది. లక్ష్మునాయుడు క్యారమ్స్ బల్లని గేటు దగ్గరకి మోసుకొచ్చి, రెండు స్టూళ్ల మీద పెట్టేవాడు. ఆయన లోపలా ఆమె బయటా నిలబడి ఆడేవారు. ఆమె చేతులు గేటు ఊచల మధ్య నుంచి వచ్చేవి.

"మీరూ ఇచ్చీయండి," అంది ఒక రోజు. "ఒక్కరూ ఏటి చేస్తారిక్కడ?"

"నన్ను తీసీసినారని నా మొహాన చెప్పమనండి, వెళ్లిపోతాను. నాకు నేనుగా వెళ్లను టీచరుగారూ. సత్యం మాస్టారు చెయ్యి పట్టి కూచోబెట్టిన చోటు. ఆయన లెమ్మనలేదు."

అలా పది రోజులు గడిచాక, ఒక సాయంత్రం ఆటోలో ట్రంకుపెట్టె వచ్చింది. పక్కన కానిస్టేబులు. "లాకప్పులో మనుషులకే చోటు లేదు, మీ పెట్టె తీసుకోమన్నారు ఎస్సైగారు. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. సంతకం పెట్టడానికి అక్కడ లక్ష్మునాయుడు తప్ప ఎవరూ లేరు. పెట్టాడు.

వార్త ఎలా తెలిసిందో, పావుగంటలో నరసింగరావు గారు చెప్పులు కూడా లేకుండా వచ్చారు. వెనకే రాజుగారు, వాళ్ల వెనక పదిమంది. అందరూ గేటు బయటే ఆగారు. రాజీనామా ఇచ్చినవాళ్లు లోపలికి రాకూడదు.

"ముట్టుకోకండి," అన్నారు నరసింగరావు గారు ఊచలు పట్టుకుని. "అర్హత లేనివారు సీలు తీస్తే మాల్ ప్రాక్టీసు."

అన్నపూర్ణ టీచరు ఆయన వైపు తిరిగింది. "ఆయన తప్ప అందరూ రాజీనామా ఇచ్చీసారా లేదా?"

"ఆ వివరము గోప్యం."

"ఇచ్చినవాళ్లందరూ ఇక్కడే ఉన్నాం కదండీ, గోప్యమేటి? సరే. నాయుడు మాస్టారిని మీరు తీయలేదనుకోండి. అప్పుడు సర్వసభ్య సమావేశమంటే ఆయనొక్కడే. ఆయన ఇష్టం. తీసీసారనుకోండి. అప్పుడు సంఘంలో ఒక్క సభ్యుడూ లేడు. సంఘమే లేనప్పుడు దాని రహస్యం ఎవరిది?"

నరసింగరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయనకి ఇలాంటి ప్రశ్న సిలబస్ లో రాలేదు.

లక్ష్మునాయుడు పెట్టె తెరిచి, 41 అని రాసిన కవరు తీశాడు. కవరు చింపితే కవరు, అది చింపితే ఇంకో కవరు. చివర్లో అగ్గిపెట్టె అంత ముక్క, దానికి గుండుసూదితో గుచ్చిన ఒక కాగితం. చదివి, తల తిప్పి హాల్లో గోడకేసి చూశాడు.

"ఎవరు? ఎవరోయ్?" అన్నారు రాజుగారు గేటు బయట నుంచి.

లక్ష్మునాయుడు కాగితం పైకి చదివాడు.

"నంబరు ఏడు, తాలాడ సత్యం. అభియోగము: సదరు సభ్యులు గత మూడు సంవత్సరములుగా ఏ సమావేశమునకూ హాజరు కాలేదు. మూడు రిజిస్టరు నోటీసులు పంపగా, అవి ముట్టినట్లు రశీదులున్నను, జవాబివ్వలేదు. వ్యక్తిగత విచారణకు పిలిచినను రాలేదు. వారి మౌనమును నేరాంగీకారముగా పరిగణించి తొలగించడమైనది."

అప్పన్న నెమ్మదిగా వెళ్లి, సత్యం మాస్టారి పటం వెనక చెయ్యి పెట్టి, మూడు పొడుగాటి కవర్లు తీశాడు. పటం మొదటిసారి గోడకి తిన్నగా ఆనింది.

"అడ్రసు సంఘానిదే కదండీ. పోస్టుమేను నాకిచ్చీవోడు. ఎవరి ఉత్తరం ఆళ్లకివ్వాలి కదాని ఆయన దగ్గరే ఎట్టీసాను."

"నీకు తెలుసా ఇదంతా?" అన్నాడు లక్ష్మునాయుడు.

"ఎందుకు తెలవదండి? కవర్ల మీద పేర్లు రాసింది నానే. నాను రాస్తంటే కార్యదర్శిగోరు గోడేపు తిరిగి నిలబడ్డారు. నోరిప్పితే లీకేజీ కేసెట్టీస్తానన్నారు. నన్నెవులూ అడగానూ లేదు."

లక్ష్మునాయుడు గేటు దగ్గరకి నడిచాడు. జీవితంలో ఎప్పుడూ హెడ్మాస్టారి కళ్లలోకి చూసి మాట్లాడని మనిషి నరసింగరావు గారి కళ్లలోకి చూశాడు.

"ఆయన సంస్మరణ సభలో నలభై నిమిషాలు మాటాడారు మీరు. ఈ దండ మొదట వేసింది మీరు. రోజూ ఆ పటం కిందనుంచే వెళ్లి ఆయన రాలేదని రాసుకున్నారా?"

నరసింగరావు గారు చొక్కా గుండీ సరిచేసుకున్నారు. "విధానములో లోపమేమీ లేదు నాయుడు గారూ. హాజరయ్యారా? లేదు. జవాబిచ్చారా? లేదు. విధానము ప్రకారం అంతా సవ్యముగానే జరిగినది."

లక్ష్మునాయుడు వెనక్కి తిరిగాడు. లోపలికెళ్లి మినిట్సు పుస్తకం తీశాడు. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. సర్వసభ్య సమావేశం జరిగినట్టు, ఒకరు హాజరైనట్టు రాశాడు. తాలాడ సత్యం గారి సభ్యత్వం పునరుద్ధరించినట్టు రాశాడు. సంఘం ఆయనకి క్షమాపణ చెప్పుకున్నట్టు రాశాడు. ఆయన్నే అధ్యక్షులుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నట్టు రాసి సంతకం పెట్టాడు. తరవాత వేరే కాగితం మీద, అధ్యక్షుల వారికి అని సంబోధించి, రెండు ముక్కల్లో తన రాజీనామా రాసి, మడిచి, పటం వెనక పెట్టాడు. కండువాతో పటం తుడిచాడు.

"వెళ్లొస్తాను మాస్టారూ," అన్నాడు.

క్యారమ్స్ బల్ల చంకన పెట్టుకుని గేటు దాటి వచ్చాడు. పదిమంది పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. అన్నపూర్ణ టీచరు బిళ్లల డబ్బా అందుకుంది. ఇప్పుడు వాళ్లిద్దరూ నాలుగున్నరకి ఆమె ఇంటి వరండాలో ఆడుకుంటున్నారు.

తీసేసింది తమని కాదని తేలగానే పెద్దమనుషులందరికీ ప్రాణం లేచొచ్చింది. మళ్లీ సభ్యత్వం కోసం బారులు తీరారు. మొదటి దరఖాస్తు నరసింగరావు గారిదే. సభ్యత్వం ఇచ్చే అధికారం అధ్యక్షులది. కాబట్టి దరఖాస్తులన్నీ 'శ్రీయుత తాలాడ సత్యం గారి దివ్య సముఖమునకు' అని రాసి అప్పన్నకి ఇస్తున్నారు. ఎవరి ఉత్తరం వాళ్లకి చేర్చాలి కదాని అప్పన్న వాటిని పటం వెనక దోపుతున్నాడు. పటం మళ్లీ ముందుకి వాలింది.

నోటీసు బోర్డులో మాత్రం కొత్త కాగితం పడింది. కింద సంతకం లేకపోయినా, దస్తూరీ నాగంపేటంతా గుర్తుపడుతుంది. "దరఖాస్తులు అధ్యక్షుల వారి పరిశీలనలో ఉన్నవి. నిర్ణయము వెలువడు వరకు ఎవరునూ వారిని వ్యక్తిగతముగా కలియరాదు."